సముద్రం లేని లక్నోలో నావికుడి సాహస పతకం

లక్నోకు సముద్రం లేదు. ఎటు వెళ్లినా తీరం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైమాటే. అయినా 1857 నవంబరు 16న ఆ నగరంలో జరిగిన పోరులో బ్రిటన్ సాహస పతకం విక్టోరియా క్రాస్ అందుకున్నవాళ్లలో నలుగురు ఒకే యుద్ధనౌక మనుషులు. ఆ నలుగురిలో ఒకరు విలియం హాల్. కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టిన నల్లజాతి నావికుడు. అమెరికాలో బానిసత్వాన్ని తప్పించుకుని వచ్చిన శరణార్థుల బిడ్డ.

హాల్ కథ రెండు రకాలుగా వినిపిస్తుంది. కెనడాలో అది బానిసల ఇంట పుట్టి సామ్రాజ్యపు అత్యున్నత పతకం అందుకున్న మనిషి గాథ. మన వైపు నుంచి చూస్తే ఆయన సిపాయిల తిరుగుబాటును అణచడానికి ఈస్టిండియా కంపెనీ తరఫున దిగిన సేనలో ఫిరంగి పేల్చిన మనిషి. రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచేస్తే హాల్ గురించీ తెలియదు, 1857 గురించీ తెలియదు. ఆయన ధైర్యాన్ని పిసరంత కూడా తగ్గించకుండానే, ఆ పతకం ఏం చెబుతోందో, ఏం చెప్పకుండా వదిలేసిందో విడదీసి చూడొచ్చని నా నమ్మకం.

ముందు మొదటి ముడి. ఓడ మీద ఉండాల్సిన మనిషి లక్నోకు ఎలా చేరాడు?

1812లో అమెరికాకూ బ్రిటన్‌కూ యుద్ధం వచ్చినప్పుడు, అమెరికా బానిసల్లో వేలమంది బ్రిటిష్ నౌకలెక్కి తప్పించుకున్నారు. వాళ్లలో చాలామందిని నోవా స్కోషియాలో దించారు. హాల్ తల్లిదండ్రులు ఆ శరణార్థులే. 1820ల చివర్లో హార్టన్ అనే ఊళ్లో పుట్టిన విలియం, కుర్రతనంలోనే ఓడ పనికి వెళ్లాడు. కొంతకాలం అమెరికా నావికాదళంలో కూడా చేసి, 1852లో బ్రిటన్ రాజ నావికాదళంలో చేరాడు. రోడ్నీ అనే యుద్ధనౌక మీద క్రిమియా వెళ్లాడు. అక్కడ సెవస్టొపోల్ ముట్టడిలో ఓడల ఫిరంగులను నేల మీదికి దించి, నావికుల చేతే పేల్పించారు. అంటే లక్నోకు రాకముందే ఆయనకు నేల మీద ఫిరంగి పని తెలుసు.

నేల మీద పోరాడటానికి ఓడల నుంచి దింపిన ఇలాంటి దండును నేవల్ బ్రిగేడ్ అనేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఇది మామూలు ఏర్పాటే. కోటగోడలను కూల్చే బరువైన ఫిరంగులు సైన్యం దగ్గర అన్ని చోట్లా, అన్ని వేళలా ఉండేవి కావు. యుద్ధనౌకలో మాత్రం అవి వరసగా బిగించి ఉంటాయి. వాటితోపాటు గుండ్లు, మందు, రోజూ వాటితోనే పని చేసే మనుషులు సిద్ధంగా ఉంటారు. తాళ్లు, కప్పీలతో టన్నుల బరువును కదిలించడం నావికుడికి నిత్యకృత్యం. అందుకే నది ఒడ్డునో రేవు దగ్గరో యుద్ధం వస్తే సేనాపతుల చూపు ముందు ఓడల మీదికి వెళ్లేది.

1857లో అదే జరిగింది. 51 ఫిరంగుల షానన్ అనే నౌక చైనా మీద యుద్ధానికి వెళ్లింది. దాని కెప్టెన్ విలియం పీల్, మాజీ ప్రధాని రాబర్ట్ పీల్ కొడుకు. క్రిమియాలో అప్పటికే విక్టోరియా క్రాస్ సంపాదించినవాడు. ఉత్తర భారతంలో సిపాయిలు తిరగబడ్డారన్న కబురు తూర్పు సముద్రాలకు చేరగానే, చైనాకు రాయబారిగా వెళ్తున్న లార్డ్ ఎల్గిన్ షానన్‌ను కలకత్తాకు మళ్లించాడు. ఆగస్టులో నౌక రేవు చేరింది. నాలుగు వందలకు పైగా నావికులు ఫిరంగులతో సహా నదీమార్గాన అలహాబాదు వెళ్లారు. అక్కడి నుంచి కాన్పూరు మీదుగా లక్నో దాకా నేల ప్రయాణం. ఫిరంగులను ఎడ్లు లాగాయి, ఎడ్లు లాగలేని చోట మనుషులు లాగారు. చైనాలో నల్లమందు వ్యాపారం కోసం మొదలైన యుద్ధానికి బయల్దేరిన ఓడ, భారతదేశంలో కంపెనీ పాలన నిలబెట్టడానికి వచ్చిందన్నమాట. ఆ రెండు యుద్ధాలకూ నావికుల ఇష్టాయిష్టాలతో పని లేదు. ఓడ ఎటు తిరిగితే మనిషీ అటే.

లక్నోలో అప్పటి పరిస్థితి ఇది. జూన్ నెలాఖరు నుంచి బ్రిటిష్‌వాళ్లు తమ ప్రతినిధి నివాసమైన రెసిడెన్సీ ఆవరణలో చిక్కుకుపోయారు. సెప్టెంబరు 25న బ్రిటిష్ సేనాపతులు హేవ్‌లాక్, ఔట్రమ్ సేనలు చొచ్చుకెళ్లాయిగానీ బయటికి రాలేక అవీ అక్కడే ఇరుక్కుపోయాయి. నవంబరులో సర్ కాలిన్ క్యాంప్‌బెల్ కొత్త సేనతో వచ్చాడు. ఇరుకు సందుల్లోంచి వెళ్తే దెబ్బతింటామని నగరానికి తూర్పుగా చుట్టుతిరిగి, గోమతి పక్కనున్న తోటలూ భవనాల మీదుగా దారి చేసుకున్నాడు. దిల్కుషా, లా మార్టీనియర్, సికందర్ బాగ్, ఆ తర్వాత షా నజఫ్.

షా నజఫ్ కోట కాదు, సమాధి మందిరం. అవధ్ తొలి రాజు గాజీయుద్దీన్ హైదర్ తనకోసం, నజఫ్‌లోని హజ్రత్ అలీ సమాధిని తలచుకుంటూ కట్టించుకున్నది. తెల్లటి గుమ్మటం, చుట్టూ బలమైన ఎత్తైన ప్రహరీ. తిరుగుబాటు సిపాయిలు ఆ గోడకు తుపాకులు పెట్టి కాల్చే రంధ్రాలు చేసి దాన్ని దుర్గంగా మార్చుకున్నారు. దాన్ని దాటకుండా క్యాంప్‌బెల్ సేనకు ముందడుగు లేదు. గోడ ఎక్కుదామంటే నిచ్చెనలు లేవు. దూరం నుంచి పేల్చిన గుండ్లకు గోడ లొంగలేదు. మధ్యాహ్నం గడిచిపోతోంది. పీల్ అప్పుడు ఫిరంగులను గోడకు కొన్ని గజాల దూరానికి తీసుకుపొమ్మన్నాడు. సముద్రం మీద శత్రునౌకకు తన నౌకను ఆనించి నిలబెట్టినట్టే పీల్ ప్రవర్తించాడని క్యాంప్‌బెల్ తర్వాత తన నివేదికలో మెచ్చుకున్నాడు.

ఆ 24 పౌండ్ల ఫిరంగి దగ్గర పని ఎలా ఉండేదో తెలిస్తేనే హాల్ చేసిందేమిటో అర్థమవుతుంది. 24 పౌండ్లంటే ఇనపగుండు బరువు, దాదాపు 11 కిలోలు. ఫిరంగి గొట్టం ఒక్కటే రెండున్నర టన్నులు. ఒక్కో పేలుడుకు ముందు గొట్టంలోపల తడిగుడ్డ చుట్టిన కర్రతో తుడవాలి. లోపల నిప్పురవ్వ మిగిలిందా, తర్వాత వేసే మందు అక్కడికక్కడే అంటుకుని తుడిచేవాడి చేతులు ఎగిరిపోతాయి. తుడిచాక మందుసంచి, తర్వాత గుండు, పొడవాటి కర్రతో దట్టించడం. వెనక రంధ్రంలో వత్తిమందు పోయడం, గురిచూడటం, అంటించడం. పేలగానే బండి మొత్తం వెనక్కి దూకుతుంది. దాన్ని చక్రాలు పట్టి మళ్లీ ముందుకు నెట్టాలి. ఇంత పనికి పదిమంది దాకా ఉంటారు, ఒక్కొక్కరికి ఒక్కో పని. గొట్టం మూతి దగ్గర తుడిచేవాడూ గుండు వేసేవాడూ శత్రువు ఎదుటే నిలబడాలి. షా నజఫ్ దగ్గర ఆ ఎదురు గోడ రంధ్రాల్లో తుపాకులున్నాయి, గోడమీంచి చేతిబాంబులు పడుతున్నాయి.

హాల్‌ది అసలు ఆ ఫిరంగి కాదు. ఆయన ఓడలో ముందు తెరచాప స్తంభం మీద పనిచేసేవాళ్లకు నాయకుడు. ఒక ఫిరంగి దగ్గర మనిషి తక్కువయ్యాడంటే తానొస్తానన్నాడు. మనుషులు ఒక్కొక్కరే పడిపోతూ చివరికి లెఫ్టినెంట్ థామస్ యంగ్, హాల్ మిగిలారనీ, ఇద్దరూ తుడుస్తూ దట్టిస్తూ పేలుస్తూనే ఉన్నారనీ అందరూ చెప్పే కథ. పేల్చిన ప్రతిసారీ ఫిరంగిని ఇంకాస్త ముందుకు నెట్టామనీ, చివరికి తమ గుండ్లు లేపిన ఇటుకపెళ్లలూ రాతిముక్కలూ తమకే తగిలేటంత దగ్గరయ్యామనీ హాల్ వృద్ధాప్యంలో చెప్పుకున్నాడు. ఆ కథ మొత్తంలో నాకు మనసులో నిలిచిపోయింది ఆ ఇటుకపెళ్లల మాటే. దగ్గరుండి చేసినవాడికి తప్ప అది తోచదు.

ఇక రెండో ముడి, గోడకు గండి ఎవరు కొట్టారన్నది. హాల్ పేల్చిన గుండ్లకు గోడ కూలింది, సేన లోపలికి దూసుకెళ్లింది అని చాలా చోట్ల రాస్తారు. బ్రిటిష్ ప్రభుత్వ ప్రకటనలు వేసే లండన్ గెజిట్ 1859 ఫిబ్రవరి 1 సంచికలో ఆ మాట లేదు. షా నజఫ్ మూల దాకా తీసుకెళ్లిన 24 పౌండ్ల ఫిరంగి దగ్గర సాహసంగా ప్రవర్తించినందుకు యంగ్‌నూ హాల్‌నూ కీర్తిశేషుడు పీల్ సిఫారసు చేశాడని మాత్రమే ఉంది. అంతే, ఒక్క వాక్యం. చివరికి మిగిలింది ఇద్దరేనని కూడా అందులో లేదు. సిఫారసు చేసిన పీల్ అప్పటికే లేడు, 1858 ఏప్రిల్‌లో కాన్పూరులో మశూచితో చనిపోయాడు.

గండి సంగతి గెజిట్‌లోనే ఇంకో సంచికలో ఉంది. స్కాట్లండ్ సైనికుల 93వ హైలాండర్స్ దళపు సార్జెంట్ జాన్ పేటన్‌కు కూడా ఆ రోజు పోరుకే విక్టోరియా క్రాస్ వచ్చింది. తూటాల వానలో ఒంటరిగా షా నజఫ్ చుట్టూ తిరిగి, అవతలి వైపున గండి ఉందని కనిపెట్టి, తన రెజిమెంటును అక్కడికి తీసుకెళ్లినందుకు. ఆ దారిన లోపలికి వెళ్లేసరికి రక్షకులు చాలావరకు వెళ్లిపోతున్నారు. హాల్, యంగ్ నిలబడింది ఒక మూల. సేన దూరింది అవతలి వైపునుంచి. ఎదురుగోడను దాటిపోయిన ఓడఫిరంగి గుండ్లే వెనకగోడను పగలగొట్టి ఉంటాయని ఆ సేనలోని వాళ్లు అనుకున్నారు. చీకటి పడే వేళకు పీల్ ఫిరంగులను వెనక్కి తీయడం కూడా మొదలైంది.

ఇది హాల్‌కు తక్కువ చేసే మాట కాదు. గోడ కూలితేనే ధైర్యం లెక్కలోకి వస్తుందనుకునే మన అలవాటువల్లే కథకు ఆ గండి అతుక్కుంది. గెజిట్ ఆయన్ను మెచ్చింది గోడ కూల్చినందుకు కాదు, అక్కడ నిలబడినందుకు.

మూడో ముడి అన్నిటికంటే గట్టిది. ఒక నల్లజాతి నావికుడికి 1859లో ఈ పతకం ఎలా ఇచ్చారు? అదే పతకాన్ని భారతీయ సైనికుడికి 1911 దాకా ఎందుకు ఇవ్వలేదు?

విక్టోరియా క్రాస్‌ను 1856 జనవరిలో రాణి ఫర్మానాతో పెట్టారు. అప్పటిదాకా సాహసానికి పెద్ద గౌరవాలన్నీ అధికారులకే దక్కేవి. ఈ పతకం మాత్రం హోదా చూడదు, శత్రువు ఎదుట చూపిన ధైర్యం ఒక్కటే చూస్తుంది. అప్పట్లో నావికాదళం వాళ్లకు నీలిరంగు పట్టీ, సైన్యానికి ఎరుపు. అధికారులు కానివాళ్లకు ఏడాదికి 10 పౌండ్ల భత్యం. ఒక దండు మొత్తం సమానంగా ధైర్యం చూపితే, తమలో ఎవరికివ్వాలో వాళ్లే ఓటేసి తేల్చుకునే నిబంధన కూడా ఉంది. లక్నోలో ఆ రోజు 93వ దళంలో కొన్ని పతకాలు ఓటుతోనే వెళ్లాయి. ఆ ఒక్క తేదీ పేరిట మొత్తం 24 క్రాస్‌లు ఇచ్చారు. ఒకే రోజుకు అన్ని ఇవ్వడం ఆ పతకం చరిత్రలో ఇంకెప్పుడూ జరగలేదు.

ఫర్మానా చెప్పింది రాణిగారి నావికాదళం, సైన్యం గురించి. హాల్ పేరు రాజ నావికాదళం జాబితాలో ఉంది. చర్మం రంగును ఫర్మానా అడగలేదు, జాబితాలో పేరుందా లేదా అన్నదే అడిగింది. ఓడల మీద అప్పటికే నానా దేశాల మనుషులు పనిచేస్తున్నారు. భారతీయ సిపాయి కథ వేరు. అతను పనిచేసేది కంపెనీ దగ్గర. 1857 అక్టోబరులో ఈ పతకాన్ని కంపెనీ సేనలకూ వర్తింపజేశారు, ఆచరణలో అది యూరోపియన్ల దగ్గరే ఆగింది. దేశీయ సైనికులకు 1837లోనే కంపెనీ పెట్టిన ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఉందిగా అన్నది వాళ్ల సమాధానం.

ఆ సమాధానం ఎంత పలుచనిదో తెలియాలంటే అదే రోజు, షా నజఫ్‌కు కాస్త దూరంలోని సికందర్ బాగ్ దగ్గరికి వెళ్లాలి. బ్రిటిష్ సేనలోనే 4వ పంజాబ్ దళంలో ముకర్రబ్ ఖాన్ అనే సైనికుడున్నాడు. సికందర్ బాగ్ పెద్ద తలుపు మూసుకుపోతుంటే డాలు తొడిగిన ఎడమచేతిని సందులో పెట్టాడు. ఆ చేతిని లోపలివాళ్లు కత్తితో గాయపరిస్తే, దాన్ని లాక్కుని కుడిచేయి పెట్టాడు. తలుపు మూతపడలేదు. విక్టోరియా క్రాస్ మాత్రం ముకర్రబ్ ఖాన్‌కు రాలేదు, ఫర్మానా పరిధిలో ఆయన లేడు కాబట్టి. ఇక్కడ హాల్‌నూ ముకర్రబ్ ఖాన్‌నూ పోటీకి నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఒకే సేన, ఒకే రోజు, ఒకే దారి. ఒకరి ధైర్యాన్ని రాయడానికి పుస్తకంలో గడి ఉంది, ఇంకొకరి ధైర్యానికి ఆ పుస్తకంలో గడే లేదు. భారతీయులకు తలుపు తెరిచింది 1911 ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి. తొలిసారి అందుకున్నది ఖుదాదాద్ ఖాన్, 1914లో బెల్జియంలో జరిగిన పోరుకు.

ఇవన్నీ బ్రిటిష్ వైపు లెక్కలు. గోడకు అవతలివైపు ఉన్నవాళ్ల సంగతి?

సికందర్ బాగ్‌లో ఆ ఉదయం చనిపోయిన తిరుగుబాటుదారులు దాదాపు రెండు వేలమంది. బయటికి దారి లేని తోటలో, నాలుగు గోడల మధ్య. వాళ్లలో పేరుతో సహా మనకు మిగిలినవాళ్లు వేళ్లమీద లెక్క. తోటలోని రావిచెట్టు ఎక్కి కాల్చిన ఒక మనిషిని హైలాండర్ సైనికుడు కింద పడగొడితే, చూసేసరికి స్త్రీ అని బ్రిటిష్ సైనికుల జ్ఞాపకాల్లోనే ఉంది. ఆమెను ఊదా దేవిగా అవధ్ ప్రాంతపు పాసీ కులస్థులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

ఇక్కడొక పోలిక నన్ను వదలదు. షా నజఫ్ మూలకు ఆనుకుని ఒక చెట్టుంది. గోడలోపలి వాళ్ల మీద కాల్చడానికి ఎవరైనా ఆ చెట్టెక్కాలని పీల్ అడిగితే, షానన్ లెఫ్టినెంట్ నోవెల్ సామన్, నావికుడు జాన్ హారిసన్ ముందుకొచ్చారు. చెట్టెక్కి కాల్చినందుకు ఇద్దరికీ విక్టోరియా క్రాస్. గెజిట్‌లో వాళ్ల గురించి రాసింది ఆ చెట్టు సంగతే. అదే రోజు చెట్టెక్కి కాల్చిన స్త్రీని గురించి ఏ గెజిట్టూ రాయలేదు, శత్రువుకు పతకం ఇచ్చే రాజ్యం ఏదీ ఉండదు. అది పతకం తప్పు కాదు. ఆ పతకాల జాబితానే ఆ రోజు ధైర్యానికి పూర్తి జాబితా అనుకుంటే తప్పు మనది.

ఇలాంటి ఖాళీలు మన దగ్గరా ఉన్నాయి. హాల్ లక్నో చేరడానికి నాలుగు నెలల ముందు, 1857 జులై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దాడి చేశారు. పట్టుబడి జైలునుంచి తప్పించుకున్న తుర్రేబాజ్ ఖాన్‌ను 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని జనానికి కనబడేలా వేలాడదీశారు. హాల్ పేరు గెజిట్‌లోకి ఎక్కింది ఆ తర్వాతి నెలలో. ఒకే యుద్ధానికి సంబంధించిన రెండు ప్రభుత్వ నిర్ణయాలివి. ఒకటి లండన్‌లో ముద్రణయింది, ఇంకొకటి తాడుకు వేలాడింది.

హాల్‌ను దీనికి దోషిని చేయాలా? నాకు అలా అనిపించదు. ఆయన పెరిగిన ఇంట్లో బ్రిటిష్ ఓడ అంటే బానిసత్వం నుంచి తప్పించిన ఓడ. అవధ్ రైతుకూ సిపాయికీ అదే జెండా, నవాబును దించి రాజ్యం కలిపేసుకున్న జెండా. ఒకే జెండా ఒకరి సంకెళ్లు తెంపి, ఆ మనిషి చేతే మరొకరి గోడ మీద ఫిరంగి పేల్పించగలిగింది. సామ్రాజ్యాలు ఇన్నాళ్లు నిలిచింది ఇలాగే. హాల్‌ను ప్రేమించేవాళ్లు ఈ ముక్కను కూడా ఆయన కథలో కలిపి చెబితేనే ఆయనకు న్యాయం జరుగుతుంది, ఎందుకంటే ఇది ఆయన కథను చిన్నది చేయదు, లోతుగా చేస్తుంది.

1859 అక్టోబరు 28న ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవులో, డోనెగల్ నౌక మీద రియర్ అడ్మిరల్ చార్లెస్ టాల్బట్ హాల్‌కు పతకం తొడిగాడు. ఈ పతకం పొందిన తొలి నల్లజాతీయుల్లో ఆయన ఒకడు. నోవా స్కోషియా నుంచి మొదటివాడు, కెనడాలో పుట్టినవాళ్లలో మూడోవాడు. 1876 దాకా నావికాదళంలోనే ఉండి సొంతూరు వెళ్లిపోయాడు. అక్కచెల్లెళ్లతో కలిసి చిన్న పొలం చేసుకున్నాడు. 1901లో హాలిఫాక్స్ వచ్చిన యువరాజు, వృద్ధ సైనికుల వరసలో ఆయన ఛాతీ మీది క్రాస్ చూసి ఆగి మాట్లాడాడు. ఆ యువరాజే తర్వాత ఐదో జార్జి, 1911లో భారతీయులకు ఈ పతకం తెరిచిన రాజు.

1904 ఆగస్టులో హాల్ చనిపోతే సైనిక లాంఛనాలు జరగలేదు, సమాధికి గుర్తురాయి పెట్టలేదు. నాలుగైదు దశాబ్దాల తర్వాతగానీ ఆయన అవశేషాలను హాంట్స్‌పోర్ట్ చర్చి ఆవరణకు మార్చి స్మారకం కట్టలేదు. పతకం ఇచ్చిన రాజ్యమే మనిషిని మరిచిపోగలదని దీన్ని బట్టి తెలుస్తుంది. 2010లో కెనడా ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. పతకం ఇప్పుడు నోవా స్కోషియా మ్యూజియం సొత్తు. కెనడా నావికాదళంలో ఆర్కిటిక్ గస్తీ నౌక ఒకదానికి ఆయన పేరు పెట్టారు.

లక్నోలో షా నజఫ్ నేటికీ ఇమాంబాడాగానే ఉంది. సికందర్ బాగ్ దగ్గర ఊదా దేవి విగ్రహం నిలిపారు, నవంబరు 16న పాసీలు ఆమె పేరున సభలు జరుపుకుంటారు. హాల్ పతకం కోసం లెక్కలోకి తీసుకున్న తేదీ కూడా అదే.